ద్రవీభవన స్థానాలు, బంధాలు, నిర్మాణం: ఇంటర్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. ఆవర్తన పట్టిక పాఠం మొదలైన వారం నుంచి ఈఏపీసెట్ ముందురోజు దాకా ద్రవీభవన స్థానాల మీద అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. క్లాసులో పిల్లలు అడిగేవే జగిత్యాల, మంచిర్యాల నుంచి ఫోన్ చేసేవాళ్లూ అడుగుతారు. అందుకే వాటిని, వాళ్లు అడిగిన మాటల్లోనే, ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీల్లోనే ఉంటాయి. వేరే చెప్పనిచోట అవి మామూలు వాతావరణ పీడనం దగ్గరివి. చాలావాటిని దగ్గరి పూర్ణాంకానికి సవరించాను.

## పాఠం మొదట్లో వచ్చేవి

కరగడం అంటే బంధాలు తెగిపోవడమేనా సార్?

అన్నిసార్లూ కాదు. ఘనపదార్థంలో కణాలు తమతమ స్థానాల్లోనే కంపిస్తుంటాయి. వేడి చేసేకొద్దీ ఆ కంపనం పెరుగుతుంది. ఒక ఉష్ణోగ్రత దగ్గర వరస చెదిరి, కణాలు ఒకదాని పక్క నుంచి ఒకటి జారడం మొదలుపెడతాయి. అదే ద్రవీభవన స్థానం. కాబట్టి "ఇందులో గట్టి బంధం ఉందా?" అని అడిగితే సగం జవాబే వస్తుంది. "జారాల్సిన కణం ఏది? దాన్ని పట్టి ఉంచిన బలం ఏది?" అని అడగాలి. సోడియం లోహంలోనూ ఉప్పులోనూ జారాల్సింది అయాన్. సిలికాన్‌లో పరమాణువు. సల్ఫర్‌లో ఎనిమిది పరమాణువుల అణువు మొత్తం ఒకే కణంగా జారుతుంది. ఆర్గాన్‌లో ఎవరితోనూ బంధం లేని ఒంటరి పరమాణువు. పిల్లలు బంధం పేరు వెంటనే చెప్పేస్తారు, కణం పేరు మాత్రం చెప్పరు. తప్పు జవాబుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది.

ఘనపదార్థాలు ఎన్ని రకాలు? ఒక్కో రకానికి ఇంత ఉష్ణోగ్రత అని ఉంటుందా?

నాలుగు రకాలు: లోహ, అయానిక, అణు, సమయోజనీయ (కోవలెంట్) జాలక ఘనపదార్థాలు. అణు ఘనపదార్థాలు చాలావరకు 300 డిగ్రీల లోపే కరుగుతాయి. జాలక ఘనపదార్థాలు సాధారణంగా 1000 దాటాకే. సాదా అయానిక లవణాలు ఎక్కువగా వందల నుంచి వేల డిగ్రీల్లో ఉంటాయి. లోహాలకు మాత్రం హద్దు గీయలేం: పాదరసం మైనస్ 39 దగ్గరే కరిగితే, టంగ్‌స్టన్‌కు 3422 కావాలి. అందుకే "లోహం కాబట్టి ఎక్కువ" అని రాస్తే మార్కు రాదు.

అయోడిన్‌లో ఉన్నది కోవలెంట్ బంధమే, వజ్రంలో ఉన్నదీ అదే. మరి అయోడిన్ 114 డిగ్రీలకే ఎలా కరుగుతుంది?

అయోడిన్ కరిగినప్పుడు కోవలెంట్ బంధం తెగదు. బండి నిండా మక్క కంకులు ఉన్నాయనుకోండి. బండి వంచితే కంకులు ఒకదాని మీద ఒకటి జారి కింద పడతాయి, కంకికి పట్టిన గింజ మాత్రం ఊడదు. అయోడిన్‌లో రెండు పరమాణువులను కలిపిన కోవలెంట్ బంధం గింజ పట్టు లాంటిది. ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య ఉన్న వాండర్ వాల్ బలం కంకికీ కంకికీ మధ్య ఉన్నపాటిది. కరగడానికి ఈ రెండోది ఓడితే చాలు.

ల్యాబ్‌లో దీన్ని కళ్లారా చూడొచ్చు. నల్లగా మెరిసే అయోడిన్ స్ఫటికాలను బీకరులో వేసి, పైన చల్లనీళ్లు పోసిన గుండ్రటి ఫ్లాస్కు పెట్టి, సన్నని మంట మీద వేడి చేస్తే ఊదారంగు ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిలో కూడా ఉన్నవి రెండేసి పరమాణువుల అణువులే. ఫ్లాస్కు అడుగున చల్లని గాజుకు తగలగానే మళ్లీ అవే నల్లటి స్ఫటికాలు పేరుకుంటాయి. వజ్రంలో ఇలా విడివిడి అణువులే లేవు. ప్రతి కార్బన్ నాలుగు కార్బన్లతో కోవలెంట్ బంధాలతోనే కట్టుబడి ఉంది. అక్కడ ఏది కదలాలన్నా ఆ బంధమే తెగాలి.

బంధం ఎంత గట్టిదో తెలియాలంటే ద్రవీభవన స్థానం చూడాలా, మరిగే స్థానం చూడాలా?

లోహాల్లో అయితే మరిగే స్థానమే నమ్మదగిన సాక్ష్యం. లోహం కరిగినా లోహ బంధం పూర్తిగా పోదు. ద్రవంలోనూ అయాన్లు, వాటి చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆవిరైనప్పుడే పరమాణువులు నిజంగా విడిపోతాయి. గాలియం 30 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కానీ మరగడానికి 2200 పైనే కావాలి. బంధం బలహీనమై ఉంటే ఇంత తేడా రాదు.

అణు పదార్థాల్లోనూ ద్రవీభవన స్థానం ఒక్కోసారి తికమక పెడుతుంది. ఆక్సిజన్ మైనస్ 219 దగ్గర కరుగుతుంది, నైట్రోజన్ మైనస్ 210 దగ్గర. బరువైన ఆక్సిజనే ముందు కరుగుతుందన్నమాట. మరిగే దగ్గరికి వచ్చేసరికి వరస తిరగబడుతుంది: నైట్రోజన్ మైనస్ 196, ఆక్సిజన్ మైనస్ 183. అణువులు స్ఫటికంలో ఎంత కుదురుగా అమరాయన్నది కరిగే ఉష్ణోగ్రతను మారుస్తుంది. మరిగేటప్పుడు ఆ అమరిక ఎలాగూ లేదు కాబట్టి ఆకర్షణ బలం లెక్కే మిగులుతుంది.

## పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి

మూడో పీరియడ్‌లో సిలికాన్ దాకా పెరిగి, ఫాస్ఫరస్ దగ్గర ఒక్కసారిగా ఎందుకు పడిపోతుంది?

ముందు విలువలు చూడండి. సోడియం 98, మెగ్నీషియం 650, అల్యూమినియం 660, సిలికాన్ 1414. ఆ వెంటనే తెల్ల ఫాస్ఫరస్ 44, సల్ఫర్ 115, క్లోరిన్ మైనస్ 101, ఆర్గాన్ మైనస్ 189. సిలికాన్‌కూ ఫాస్ఫరస్‌కూ మధ్య కేంద్రకంలో పెరిగింది ఒక్క ప్రోటాన్, ఉష్ణోగ్రతలో పడిపోయింది 1370 డిగ్రీలు. పరమాణువు గుణం అంత మారలేదు, మారింది నిర్మాణం.

మొదటి మూడూ లోహాలు. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను, మెగ్నీషియం రెండింటిని, అల్యూమినియం మూడింటిని లోహ బంధానికి ఇస్తాయి. అయాన్ ఆవేశం పెరుగుతుంది, సైజు తగ్గుతుంది, పట్టు బిగుస్తుంది. సిలికాన్‌కు వేలన్సీ ఎలక్ట్రాన్లు నాలుగు. అది నాలుగు వైపులా నాలుగు బంధాలు ఏర్పరిచి వజ్రం లాంటి జాలకం కడుతుంది. స్ఫటికం ఈ కొస నుంచి ఆ కొస దాకా అంతా కోవలెంట్ బంధమే.

ఫాస్ఫరస్‌కు ఐదు వేలన్సీ ఎలక్ట్రాన్లు. మూడు బంధాలతో అష్టకం నిండిపోతుంది. తెల్ల ఫాస్ఫరస్‌లో నాలుగు పరమాణువులు తమలో తామే ఆ మూడేసి బంధాలు పూర్తి చేసుకొని చిన్న చతుర్ముఖి అణువుగా ముగిసిపోతాయి. పక్క అణువుతో మిగిలేది వాండర్ వాల్ ఆకర్షణ మాత్రమే. సల్ఫర్, క్లోరిన్‌లదీ అదే కథ. అందువల్ల ఇక్కడి గ్రాఫును ఒకే గీతగా బట్టీ పట్టకండి: లోహాల గీత ఒకటి, జాలకం అనే శిఖరం ఒకటి, అణువుల గీత ఒకటి.

ఫాస్ఫరస్ కంటే సల్ఫర్ ఎక్కువ, క్లోరిన్ తక్కువ. ఈ వరస ఎలా గుర్తుంచుకోవాలి?

అణువులో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కపెట్టండి. సల్ఫర్‌లో ఎనిమిది, ఫాస్ఫరస్‌లో నాలుగు, క్లోరిన్‌లో రెండు, ఆర్గాన్‌లో ఒకటి. అణువు పెద్దదయ్యేకొద్దీ ఎలక్ట్రాన్లు ఎక్కువ, లండన్ బలాలు (వాండర్ వాల్ బలాల్లో ఒక రకం) ఎక్కువ. ఉష్ణోగ్రత కూడా అదే వరసలో 115, 44, మైనస్ 101, మైనస్ 189 అని దిగుతుంది.

ఫాస్ఫరస్ అంటే ఏ రూపాంతరమో కూడా చూసుకోండి. ఎర్ర ఫాస్ఫరస్‌లో చతుర్ముఖులు విడివిడిగా ఉండవు, బంధాలతో గొలుసులుగా అల్లుకొని ఉంటాయి. అది 400 డిగ్రీలు దాటాక గానీ ఘనస్థితిని వదలదు. మూలకం ఒకటే, నిర్మాణం వేరు.

మెగ్నీషియం 650, అల్యూమినియం 660. ఒక ఎలక్ట్రాన్ ఎక్కువున్నా తేడా పదేనా?

ద్రవీభవన స్థానం ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. పరమాణ్వీకరణ ఎంథాల్పీ, అంటే ఒక మోల్ లోహాన్ని విడివిడి పరమాణువులుగా మార్చడానికి పట్టే శక్తి చూడండి: సోడియంకు సుమారు 108 కిలోజౌళ్లు, మెగ్నీషియంకు 148, అల్యూమినియంకు 330 దరిదాపు. మెగ్నీషియం 1090 దగ్గరే మరిగిపోతుంది, అల్యూమినియం 2400 దాటినా ద్రవంగానే ఉంటుంది. మూడో ఎలక్ట్రాన్ బంధాన్ని బాగానే బలపరిచింది. రెండు లోహాల స్ఫటిక నిర్మాణాలు వేరు కావడం వల్ల కరిగే దగ్గర ఆ తేడా పూర్తిగా బయటపడలేదు. "కొద్దిగా పెరుగుతుంది" అని రాయడం పరీక్షకు సరిపోతుంది. కారణం అడిగితే మాత్రం ఎంథాల్పీ విలువలతో రాసిన జవాబే గట్టిగా నిలబడుతుంది.

గ్రాఫైట్ పొరలు వేలితో రుద్దితేనే జారిపోతాయి. మరి దాన్ని కరిగించడం ఎందుకంత కష్టం?

పెన్సిల్ రాసేది పొరలు జారడం వల్లే, నిజమే. కానీ పొర జారితే అది కరగడం కాదు, కాగితం మీద అంటుకున్నది ఇంకా ఘన గ్రాఫైటే. ద్రవం కావాలంటే పొర లోపలి కార్బన్లు కూడా వరస తప్పాలి, ఆ లోపలి బంధాలు చాలా గట్టివి. మామూలు పీడనంలో గ్రాఫైట్ అసలు కరగదు. 3600 పైన నేరుగా ఆవిరవుతుంది, అంటే ఉత్పతనం చెందుతుంది. ద్రవ కార్బన్ కావాలంటే వాతావరణ పీడనానికి సుమారు 100 రెట్ల పీడనం, 4000 పైన ఉష్ణోగ్రత కావాలి. ఇక వజ్రాన్ని గాలి తగలకుండా బాగా వేడి చేస్తే కరగకముందే గ్రాఫైట్‌గా మారుతుంది.

నైట్రోజన్‌లో త్రిబంధం ఉంది కదా, ద్రవీభవన స్థానం మైనస్ 210 ఏంటి?

ఆ త్రిబంధాన్ని తెంచడానికి మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. కానీ నైట్రోజన్ కరిగినా మరిగినా ఆ బంధం జోలికి ఎవరూ పోరు. అణువుల మధ్య ఉన్నవి బలహీనమైన లండన్ బలాలే. త్రిబంధం బలం చర్యాశీలతలో కనిపిస్తుంది, ద్రవీభవన స్థానంలో కాదు.

## గ్రూపులో పై నుంచి కిందికి

క్షార లోహాల్లో కిందికి పోతే తగ్గుతుంది, హాలోజన్లలో పెరుగుతుంది. ఎందుకలా?

రెండు చోట్లా పరమాణువు సైజు పెరుగుతుంది. దాని ఫలితమే వేరు. క్షార లోహాల్లో పట్టు అంతా అయాన్ కేంద్రకానికీ తిరిగే ఎలక్ట్రాన్లకూ మధ్య ఆకర్షణ. సైజు పెరిగితే దూరం పెరిగి పట్టు సడలుతుంది: లిథియం 181, సోడియం 98, పొటాషియం 64, రుబీడియం 39, సీజియం 28.5. హాలోజన్లలో పట్టు లండన్ బలాలది. సైజు పెరిగితే ఎలక్ట్రాన్ మేఘం సులువుగా ధ్రువణం చెంది (ఒక పక్కకు ఒరిగి) బలం పెరుగుతుంది: ఫ్లోరిన్ మైనస్ 220, క్లోరిన్ మైనస్ 101, బ్రోమిన్ మైనస్ 7, అయోడిన్ 114. ఉత్కృష్ట వాయువులదీ హాలోజన్ల దారే.

రెండో గ్రూపులో మెగ్నీషియం ఎందుకు వరస తప్పింది?

బెరీలియం 1287, మెగ్నీషియం 650, కాల్షియం 842, స్ట్రాన్షియం 777, బేరియం 727. వీటి స్ఫటిక నిర్మాణాలు ఒకటి కావు: మొదటి రెండూ షట్కోణ సన్నిహిత కూర్పు, కాల్షియం, స్ట్రాన్షియం ఫలక కేంద్రిత ఘనం, బేరియం అంతఃకేంద్రిత ఘనం. నిర్మాణం మారినచోట సైజు ఒక్కదానితో వరస కుదరదు. ఈ గ్రూపులో క్రమబద్ధమైన మార్పు లేదని రాయడమే సరైన జవాబు.

గాలియం చేతిలో పెట్టుకుంటే కరుగుతుందట, నిజమేనా?

నిజమే. దాని ద్రవీభవన స్థానం 29.76, మన అరచేయి అంతకంటే వెచ్చగానే ఉంటుంది. పైన ఉన్న అల్యూమినియం 660 అయితే ఇది 30 ఏమిటని అందరికీ వచ్చే సందేహం. ఘన గాలియంలో ప్రతి పరమాణువుకూ ఒకే ఒక్క పొరుగు పరమాణువు 244 పికోమీటర్ల దగ్గరలో ఉంటుంది, మిగతా ఆరూ 270 పైన దూరంగా ఉంటాయి. పరమాణువులు జంటలు కట్టినట్టుండే ఈ అమరిక మామూలు లోహాల్లో కనపడదు, అది సులువుగా చెదిరిపోతుంది. సీజియం కూడా 28.5 దగ్గర కరుగుతుంది కానీ దాన్ని చేత్తో ముట్టుకునే ఆలోచనే వద్దు. గాలి తగిలితేనే అంటుకుంటుంది.

ద్రవ మూలకాలు రెండా, నాలుగా? పుస్తకానికో మాట ఉంది.

ఉష్ణోగ్రత చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. 25 డిగ్రీల దగ్గర రెండే: పాదరసం, బ్రోమిన్. 30 డిగ్రీలకు సీజియం, గాలియం చేరి నాలుగవుతాయి. మే నెలలో రామగుండంలో 45 దాటిన మధ్యాహ్నం అయితే 39 దగ్గర కరిగే రుబీడియం, 44 దగ్గర కరిగే తెల్ల ఫాస్ఫరస్ కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ప్రశ్నలో "గది ఉష్ణోగ్రత" అని ఉంటే రెండు అనే రాయండి.

హీలియంకు ద్రవీభవన స్థానం ఎందుకు ఇవ్వరు?

మామూలు పీడనంలో అది ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు. పరమాణువుల మధ్య ఆకర్షణ అత్యల్పం. పరమాణువు తేలిక కావడంతో పరమశూన్యం దగ్గర కూడా మిగిలే క్వాంటం కంపనం దాన్ని ఒకచోట నిలవనివ్వదు. సుమారు 25 వాతావరణాల పీడనం పెడితేనే ఘనమవుతుంది. 1908లో కామర్లింగ్ ఓనెస్ దాన్ని ద్రవంగా మార్చారు. ఘన హీలియం మాత్రం 1926లో గానీ రాలేదు.

## డి-బ్లాక్ దగ్గర

పరివర్తన లోహాలకు ఇంత ఎక్కువ ద్రవీభవన స్థానాలు ఎందుకు?

ఎస్ ఎలక్ట్రాన్లతో పాటు డి ఎలక్ట్రాన్లు కూడా బంధంలో పాల్గొంటాయి. స్కాండియం 1541, టైటానియం 1668, వెనేడియం 1910, క్రోమియం 1907 అని ఒంటరి డి ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ విలువలు మొత్తం మీద ఎక్కుతాయి, చివరి రెండూ దాదాపు సమానం. ఎలక్ట్రాన్లు జతకట్టడం మొదలయ్యాక దిగుతాయి: ఇనుము 1538, కోబాల్ట్ 1495, నికెల్ 1455, రాగి 1085. కింది శ్రేణుల్లో డి ఆర్బిటాళ్లు ఇంకా విస్తరించి బాగా అతిపాతం చెందుతాయి (ఒకదాని మీదికి ఒకటి వస్తాయి). లోహాలన్నింటిలో గరిష్ఠం టంగ్‌స్టన్ అక్కడే ఉంది, 3422. పాత బల్బుల్లో తీగ దానిదే.

మధ్యలో మాంగనీస్ 1246కి ఎందుకు పడిపోయింది?

సగం నిండిన ఐదు డి ఎలక్ట్రాన్ల అమరిక స్థిరమైనది. ఆ ఎలక్ట్రాన్లు పరమాణువు దగ్గరే ఉండిపోయి బంధంలోకి తక్కువగా వస్తాయి. కొందరు మాంగనీస్ యూనిట్ సెల్‌లో (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న భాగంలో) 58 పరమాణువులుంటాయని, ఆ చిక్కు నిర్మాణమే కారణమని రాస్తారు. గది ఉష్ణోగ్రతలో ఆ నిర్మాణం నిజమే. కానీ వేడి చేస్తే కరగకముందే అది వేరే సాదా నిర్మాణాల్లోకి మారిపోతుంది. అందుకని దాన్ని కారణంగా రాయొద్దని చెబుతాను.

పాదరసం లోహమై ఉండి ద్రవంగా ఎందుకుంది?

జింక్ 420, కాడ్మియం 321, పాదరసం మైనస్ 39. మూడింటిలోనూ డి ఆర్బిటాళ్లు పూర్తిగా నిండి ఉన్నాయి, బంధానికి అవి అక్కరకు రావు. ఇక పాదరసంలో కేంద్రక ఆవేశం 80 కావడంతో లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో సగం దాటుతుంది. ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రకారం ఎస్ ఆర్బిటాళ్లు కుంచించుకుపోతాయి. బయటి 6ఎస్ జంట కూడా కేంద్రకానికి దగ్గరగా ముడుచుకొని పంచుకోవడానికి రాదు. 2013లో ప్రచురించిన లెక్కల్లో ఈ ప్రభావం తీసేసి చూస్తే పాదరసం ఇప్పటికంటే సుమారు 100 డిగ్రీలు ఎక్కువ దగ్గర కరుగుతుందని, అంటే మన గదుల్లో ఘనంగా ఉండేదని తేలింది. ఇది సిలబస్‌లో లేదు, అయినా తెలుసుకోవాల్సిన సంగతి.

## సమ్మేళనాలు, మన చుట్టూ జరిగే పనులు

మెగ్నీషియం ఆక్సైడ్, సోడియం ఫ్లోరైడ్ రెండూ అయానికమే. ఒకటి 2852, ఒకటి 993 ఎందుకు?

నాలుగు అయాన్లలోనూ పదేసి ఎలక్ట్రాన్లే, నిర్మాణం కూడా ఒకటే. తేడా ఆవేశంలో ఉంది. ఫ్లోరైడ్‌లో ఒకటికి ఒకటి, ఆక్సైడ్‌లో రెండుకు రెండు. ఆవేశాల లబ్ధం నాలుగింతలు కావడంతో జాలక శక్తి బాగా పెరుగుతుంది. ఉక్కు కొలిమి లోపలి ఇటుకల్లో మెగ్నీషియం ఆక్సైడ్ వాడేది అందుకే.

లోహం, అలోహం కలిస్తే అయానికమే కదా. అల్యూమినియం క్లోరైడ్ 180 దగ్గరే ఎందుకు ఎగిరిపోతుంది?

చిన్న సైజు, మూడు ధనావేశాలు ఉన్న అల్యూమినియం అయాన్ క్లోరైడ్ ఎలక్ట్రాన్ మేఘాన్ని తన వైపు లాగేస్తుంది. ఫాజాన్ సూత్రం ఇదే చెబుతుంది. వేడి చేస్తే అది రెండేసి అల్యూమినియంలున్న డైమర్ అణువులుగా విడిపోయి ఉత్పతనం చెందుతుంది. ఫ్లోరైడ్ చిన్నది, అంత సులువుగా లొంగదు కాబట్టి అల్యూమినియం ఫ్లోరైడ్ 1200 దాటినా ఘనంగానే ఉంటుంది.

కార్బన్ డయాక్సైడ్ వాయువు, సిలికా రాయి. ఒకే గ్రూపు కదా?

కార్బన్ ఆక్సిజన్‌తో ద్విబంధాలు ఏర్పరిచి చిన్న అణువుగా ఆగిపోతుంది. ఘన కార్బన్ డయాక్సైడ్ మైనస్ 78 దగ్గరే ఉత్పతనం చెందుతుంది. పెద్దదైన సిలికాన్‌కు ద్విబంధంలోని రెండో బంధం, అంటే పై (π) బంధం, సరిగా కుదరదు. అది నాలుగు ఆక్సిజన్లతో ఏకబంధాలు కట్టి జాలకంగా సాగుతుంది, 1700 దగ్గర గానీ కరగదు. గోదావరి ఇసుకలో ఎక్కువగా ఉండేది ఇదే.

ఇవన్నీ పుస్తకంలోనేనా, ఎక్కడైనా చూడొచ్చా?

ఆదిలాబాద్ వైపు ఓజులు చేసే ధోక్రా పని, అంటే మైనపు అచ్చుతో ఇత్తడి బొమ్మలు పోత పోసే పని చూడండి. మట్టితో లోపలి ముద్ద చేసి, దాని మీద మైనాన్ని సన్నని దారాలుగా తీసి చుట్టలు చుట్టలుగా అతికిస్తారు. బొమ్మ మీద కనిపించే ఆ గీతలన్నీ మైనపు దారాలవే. దానిపైన మళ్లీ మట్టి పూసి, దారి వదిలి, కాలుస్తారు. మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది.

తేనెమైనం అణు పదార్థం, 62 నుంచి 64 మధ్యే కరుగుతుంది. ఇత్తడి లోహ బంధం, పాళ్లను బట్టి 900 పైచిలుకు. మట్టిలో ఉన్నది సిలికేట్ల జాలకం, ఆ వేడికి కరగకపోగా ఇంకా గట్టిపడుతుంది. మూడు రకాల నిర్మాణాలూ ఒకే అచ్చులో పక్కపక్కన ఉండి, ఏది ఎప్పుడు కదలాలో అప్పుడే కదులుతాయి. ఇత్తడి కాగేటప్పుడు లేచే తెల్లటి పొగ జింక్ ఆక్సైడ్. జింక్ 907 దగ్గరే మరుగుతుంది కాబట్టి కొంత ఆవిరై గాలిలో మండుతుంది. ఆ పొగ పీల్చకూడదు.

ఇనుము 1538 దగ్గర కరుగుతుంది. బొగ్గుల కొలిమితో పాతకాలం వాళ్లు ఉక్కు ఎలా కరిగించారు?

కార్బన్ కలిపి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మూసల ఉక్కుకు పేరుపడ్డ ఊరు, అక్కడి ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. ఇనుమును కార్బన్ ఇచ్చే పదార్థాలతో కలిపి మట్టిమూసలో మూసేసి చాలాసేపు కాల్చేవారు. చిన్న కార్బన్ పరమాణువులు ఇనుము జాలకం ఖాళీల్లో ఎక్కువ పట్టవు, ద్రవంలో మాత్రం బాగా కరుగుతాయి. అంటే కార్బన్ ద్రవస్థితికి అనుకూలం. అందుకని కరిగే ఉష్ణోగ్రత దిగుతుంది. 4.3 శాతం కార్బన్ దగ్గర అది 1150 దాకా వస్తుంది. మూసల ఉక్కులో కార్బన్ ఒకటి నుంచి రెండు శాతం ఉంటుంది. కాబట్టి దిగుడు అంత లేకపోయినా, కొలిమి అందుకోగలిగినంత ఉంటుంది.

## పరీక్ష ముందు

ఏ విలువలు బట్టీ పట్టాలి?

మూడో పీరియడ్ వరస, గాలియం, పాదరసం, టంగ్‌స్టన్ చాలు. మిగతావాటికి ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న క్రమం తెలిస్తే సరిపోతుంది. క్రమం అడిగే ప్రశ్నలో ముందు ఒక్కో పదార్థం పక్కన దాని రకం రాసుకోండి. రకాలు వేరైతే చాలాసార్లు జవాబు అక్కడే తేలిపోతుంది. రకం ఒకటే అయినప్పుడు ఆవేశం, సైజు, ఎలక్ట్రాన్ల సంఖ్య చూడండి.

ఒక పుస్తకంలో టంగ్‌స్టన్ 3410, ఇంకోదాంట్లో 3422. ఏది రాయాలి?

మీ అకాడమీ పుస్తకంలో ఉన్నది రాయండి. అంత వేడిలో కొలవడమే కష్టం, నమూనా శుద్ధిని బట్టి కూడా విలువ కదులుతుంది. కెల్విన్‌లో ఇచ్చారా, సెల్సియస్‌లో ఇచ్చారా అన్నది మాత్రం తప్పకుండా చూడండి. సోడియం 371 అని కనబడితే అది కెల్విన్, 273 తీసేస్తే 98 వస్తుంది.